గేట్ పాస్‌కు ఇచ్చిన ఫొటో

మా ఇంటి ఓనరమ్మ మొన్న పొద్దున చనిపోయింది. పటాన్‌చెరులో ఆమె గదుల్లో కిరాయికి ఉండి వెళ్లినవాళ్లు ఈ గ్రూపులో చాలామంది ఉన్నారు. మీకు తెలియాలని రాస్తున్నాను. నాకు మాట్లాడటం సరిగా రాదు, టైపు చేయడమే నయం.

ఆమెను మనమంతా అవ్వ అనేవాళ్లం. పొద్దున్నే గేటు దగ్గర కుర్చీ వేసుకుని, షిఫ్టుకు పోయేవాళ్లను "తిన్నవా బిడ్డా" అని అడిగేది. తినకపోయినా నేను తల ఊపేవాడిని. "అబద్ధం. నీ మొఖమే చెప్తుంది" అని చేతిలో జొన్నరొట్టె పెట్టేది.

గది ఖాళీ చేసి మీరు తాళంచెవి ఇస్తే, ఆమె మీ ఆధార్ జిరాక్స్ తిరిగి ఇచ్చేది, గుర్తుందా? "ఉంచుకో అవ్వా" అని ఎవరన్నా అంటే, "నువ్వే పోతున్నవ్, నీ కాయితం నాకెందుకు" అనేది. సూపర్ మార్కెట్లో ఫోన్ నంబర్ అడిగితే, "పప్పు నేను వండుత బిడ్డా, ఫోన్ వండదు" అని నవ్వించి, నంబర్ ఇవ్వకుండానే వచ్చేది.

నేను అట్టడబ్బాల కంపెనీలో చేరినప్పుడు లేబర్ కాంట్రాక్టర్ గేట్ పాస్ కోసమని నా ఫొటో తీసుకున్నాడు. కొన్నాళ్లకు అదే ఫొటో బస్టాండ్ దగ్గర, "పనివాళ్లు దొరుకుతారు" అనే బోర్డు మీద కనబడింది. "ఏం హీరో, సిన్మా ఎప్పుడు రిలీజ్" అని తోటివాళ్లు ఒకటే ఆటపట్టించారు. నేను ఆ దారి మానేసి చుట్టూ తిరిగి పోయేవాడిని. అవ్వ కనిపెట్టి, నా చెయ్యి పట్టుకుని కాంట్రాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది.

"ఫొటో వాడే ఇచ్చిండు గదా అవ్వా" అన్నాడతను.

"గేట్ పాస్‌కు ఇచ్చిండు. బోర్డుకు ఇయ్యలే."

"గింత దానికి లొల్లి ఏంది?"

"లొల్లేం లేదు. తీసెయ్. చాయ్ తెప్పియ్, తీసేదాంక ఈడనే కూసుంట."

చాయ్ వచ్చింది. సాయంత్రానికి బోర్డు మీద నా ముఖం లేదు. తిరిగి వస్తుంటే, "ఇగ నుంచి నువ్వే చెప్పాలె. నోరు అన్నం తినెతందుకే గాదు" అంది.

మొన్న ఆమె కొడుకు ఫ్లెక్సీ వేయిద్దామన్నాడు. ఫొటో తీద్దామని ఎవరు ఫోన్ ఎత్తినా అవ్వ చెయ్యి అడ్డం పెట్టేది కదా, ఇంట్లో ఒక్క ఫొటో లేదు. "ఆధార్‌ల ఉన్నది, గదే పెద్దగ కొట్టిద్దాం" అన్నాడు. అందరూ సరేనన్నారు. నేను నోరు తెరిచాను.

"అన్నా, అది ఆధార్‌కు ఇచ్చింది. ఫ్లెక్సీకి ఇయ్యలే."

"ఏమన్నవ్‌రా?"

మళ్లీ చెప్పాను.  అన్న ముఖం తుడుచుకుని, "అచ్చం అమ్మ లెక్కనే మాట్లాడుతున్నవ్" అన్నాడు.

ఇప్పుడు గేటుకున్న ఫ్లెక్సీ మీద ఆమె పేరు, బంతిపూలు మాత్రమే ఉన్నాయి.

నా ఫోన్లో ఒక్క ఫొటో ఉంది. ఫోన్ కొన్న రోజు నేనే తీశాను. ఉంచుకోనా అని అవ్వను అడిగితే, "నువ్వు సూస్కో, ఎవ్వలకు సూపియ్యకు" అంది. అందుకే ఇక్కడ పెట్టడం లేదు. ఫొటో నిండా అరచెయ్యే. జొన్నపిండి అంటిన వేళ్లు, వాటి సందులోంచి నవ్వుతూ ఒక కన్ను.