గ్రేటర్ నోయిడాలో కరుణక్క తనిఖీ

పోయిన జనవరిలో మా కరుణక్క బాత్‌రూమ్‌లో జారిపడి రెండు గంటలు అక్కడే పడి ఉంది. ఫోనేమో మంచం మీద. పాలు పోసే భయ్యా తలుపు కొట్టి కొట్టి, అనుమానమొచ్చి నాకు ఫోన్ చేస్తేగానీ తెలియలేదు. జనక్‌పురిలో ఆమెది రెండో అంతస్తు, మాది అదే వీధి చివర. అక్క పెళ్ళి చేసుకోలేదు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరైంది. మా ఇంటికి వచ్చెయ్యమంటే ససేమిరా అంది. "నీ కోడలి వంటింట్లో నేనేం చేస్తానే, దిష్టిబొమ్మలా కూర్చోనా?" అని ఒకటే మాట. ఈ చలికాలం లోపల ఏదో ఒకటి తేల్చాలని, గ్రేటర్ నోయిడాలో పెద్దవాళ్ళ కోసం కట్టిన సీనియర్ లివింగ్ కాలనీ చూడ్డానికి ఆమెను బలవంతాన బయలుదేరదీశాను. నచ్చలేదంటే మళ్ళీ ఆ ఒంటరి ఇల్లే, ఆ బాత్‌రూమే. నాకదే భయం.

ఉదయం ఎనిమిదిన్నరకి జనక్‌పురి వెస్ట్‌లో బ్లూ లైన్ ఎక్కితే నోయిడా సెక్టర్ 52 దాకా మారే పని లేదు. గంటంబావు పడుతుంది. అక్కడ దిగి, పక్కనే ఉన్న సెక్టర్ 51 స్టేషనుకి నడిచి ఆక్వా లైన్ పట్టుకోవాలి. పరీ చౌక్‌కి ఇంకో నలభై నిమిషాలు. రెండు రైళ్ళకీ కలిపి మనిషికి నూరు రూపాయల పైచిలుకు అవుతుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆ నడక దగ్గర తొందరపడకండి, మేము రెండుసార్లు ఆగాం. పరీ చౌక్‌లో నూట ఇరవైకి ఆటో మాట్లాడాను. డ్రైవరు అద్దంలోంచి అక్కని చూసి, "ఆంటీజీ కో భర్తీ కరానే జా రహే హో?" అని నన్నడిగాడు, చేర్పించడానికా అని. అక్క ఇంతెత్తున లేచింది. "భర్తీ నహీఁ భయ్యా, జాంచ్ కర్నే!" తనిఖీకట! పొద్దున్నించీ ముడుచుకున్న మొహం అప్పుడు కాస్త విప్పారింది.

పదకొండున్నరకి లోపలికెళ్ళాం. మేనేజరమ్మాయి నవ్వుతూ అన్నీ చూపించింది. ఫిజియోథెరపీ గది, లైబ్రరీ, రోజూ వచ్చే డాక్టరు, గేటు దగ్గర అంబులెన్సు, నడవాల పొడుగునా పట్టుకోవడానికి కడ్డీలు. నేను ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రిలో నర్సుని, ఆఖరి పదేళ్ళూ వార్డు ఇన్‌చార్జిని. నన్ను నవ్వులతో బుట్టలో వేసుకోవడం అయ్యే పని కాదు. ఆక్సిజన్ సిలిండరు మీటరు చూశాను, మందుల గడువు తేదీలు చూశాను, మంచం కింద వేలు పెట్టి దుమ్ము కూడా చూశాను. చూపించడానికి ఉంచిన ఫ్లాటులో బాత్‌రూమ్‌లోకెళ్ళి, గోడకున్న ఎమర్జెన్సీ తాడు లాగి గడియారం చూసుకున్నాను. రెండు నిమిషాల్లోపే సిస్టర్ పరుగున వచ్చింది. "శభాష్! నూటికి నూరు!" అన్నాను. అక్క ఆ తాడు వంకే చూస్తోంది.

భోజనం అక్కడే, విజిటర్లకి నూట ఎనభై. సాంబారు నోట్లో పెట్టుకుని అక్క వంటాయన వంక చూసింది. "భయ్యా, ఇందులో చీనీ వేశారా?"

"థోడీ సీ, దీదీ. మిర్చీ మనా హై," అన్నాడాయన. కారం వద్దన్నారట, అందుకని పంచదార వేశాడట! ఓరి నాయనో! మనవాళ్ళు ఆవకాయ సీసా లేకుండా అక్కడ కాలు పెట్టకండి.

ఇక బయలుదేరదామంటే, అక్క మళ్ళీ ఆ బాత్‌రూమ్ చూస్తానంది. లోపలికెళ్ళి, కడ్డీ పట్టుకుని, మెల్లగా నేలమీద కూర్చుంది. "అయ్యో ఆంటీ!" అని మేనేజరమ్మాయి కంగారుపడింది. అక్క పక్కకి ఒరిగి చెయ్యి చాపింది. తాడు అందలేదు. ఇంకాస్త చాపింది. జానెడు దూరంలో ఆగిపోయింది. నేల తుడిచేవాళ్ళు తడుస్తుందని తాడుని మడిచి పైకి ముడేశారు.

"సుశీ, నువ్వు నిలబడి లాగావే," అంది అక్క కిందనుంచే. "పడ్డవాళ్ళకి చెయ్యి ఇంతవరకే వస్తుంది."

నాకు తల కొట్టేసినట్టయింది. ముప్పై నాలుగేళ్ళూ నేను మంచం పక్కన నిలబడే చూశాను. ఆ రెండు గంటలు నేలమీద ఉన్నది ఆమె. వార్డు ఇన్‌చార్జినట! కళ్ళనీళ్ళు ఆగలేదు.

మేనేజరమ్మాయి తనే వంగి ముడి విప్పింది. మిగతా ఫ్లాటుల్లో ఎలా ఉన్నాయో అని అక్క అడిగితే పక్కవాళ్ళ తలుపు కొట్టింది. ఆ వరుసలో ఆరింట నాలుగు ముడులు! ఒక్కోటి విప్పిస్తూ, బ్యాగులోంచి కాగితం తీసి రాసుకుంటూ, అక్క నాకంటే ముందు నడిచింది. చివరి తలుపు దగ్గర ఆగి, "ఠీక్ హై. ఒక నెల ఉండి చూస్తాను. వీళ్ళకి చెప్పేవాళ్ళు కావాలి," అంది.

అక్క అక్కడ చేరి ఇప్పటికి మూడు వారాలైంది. సోమవారం పదింటికి ఫోన్ చేస్తే విసుక్కుంటుంది, తాళ్ళు చూసే రౌండ్లలో ఉన్నానే అంటుంది. ఆమెకి కావలసింది చూసుకునే మనిషనుకున్నాను. అదీ కావాలి, కాదనను. కానీ ఆమె చెప్తే లేచి పనిచేసేవాళ్ళున్న చోటు కూడా కావాలని నాకు తట్టలేదు. ప్రభువు దయవల్ల ఆ ముడి ఆమె కంట పడింది, నా కంట పడలేదు.

మీరు ఇలాంటి చోటు చూడ్డానికి వెళ్తే ఒక్క పని చెయ్యండి. చీర నలిగినా సరే, బాత్‌రూమ్ నేలమీద కూర్చుని తాడుకి చెయ్యి చాపండి. అందితేనే మిగతావన్నీ చూడండి.