జానెడు తక్కువ

నేను చేసిన శిల్పాలను ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. పాపం, మెచ్చుకునేవాళ్ళ తప్పేం లేదు. "ఉక్కును భలే వంచినవయ్యా, ఇది ఫలానా అని చెప్పరాదు గని సూడబుద్ధయితది" అంటారు. ఫలానా అని చెప్పరాకుండా చెయ్యడం నేను కాలేజీలో నేర్చుకున్నానని వాళ్ళ నమ్మకం. కాదు. భయంతో నేర్చుకున్నాను.

మాది కోరుట్ల, కమ్మరి ఇల్లు. హైదరాబాదులో శిల్పం చదివి, ఎక్కడా పని దొరక్క తిరిగొచ్చి, మా నాయన కొలిమి దగ్గరే గేట్లూ గ్రిల్లులూ కొడుతున్న రోజులవి. అడవిలోని అన్నలు ఊళ్ళలోకి వచ్చిపోతుండేవాళ్ళు. వాళ్ళ వెనక పోలీసులు వచ్చిపోతుండేవాళ్ళు. కొలిమి ఉన్న ఇంటి మీద ఇద్దరికీ కన్నుండేది. నాగలికర్రు కొట్టే చేయి తపంచా కూడా చేస్తుందేమోనని ఒకరికి అనుమానం, చేస్తే బాగుండునని ఇంకొకరికి ఆశ. మా నాయన పొద్దు గూకకముందే నిప్పు ఆర్పేసి తలుపేసుకునేవాడు.

అట్లాంటప్పుడు సిరిసిల్ల నుంచి ఒకామె మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. జగిత్యాలలో నాతో ఒకే గదిలో ఉండి ఇంటర్ చదివినవాడి తల్లి. వాళ్ళది నేతపని. వాడు చదువు వదిలి మగ్గం మీద కూర్చున్నాడు. తర్వాత మగ్గం వదిలి అడవికి పోయాడు. కొన్నాళ్ళకు శవమై ఇంటికొచ్చాడు. వాడి పేరు మీద కట్టిన స్తూపం కూడా నిలవలేదు, ఒకనాడు తెల్లారేసరికి రాళ్ళకుప్ప అయింది.

ఆమె కొంగుముడి విప్పి నూలుదారపు ఉండ ఒకటి నా చేతిలో పెట్టింది. వాడు ఇల్లు విడిచే ముందు జ్వరంతో మంచం పట్టాడట. తగ్గితే నిలువెత్తు వత్తి వెలిగిస్తానని మొక్కుకుని, తల నుంచి కాళ్ళదాకా కొలిచి తెంపిన దారమది. జ్వరం తగ్గింది. మొక్కు తీరకముందే వాడు వెళ్ళిపోయాడు.

"సిమెంటుదైతె పలగ్గొడ్తరు కొడుకా. నువ్వు ఇనుముతోని చెయ్యి. ముక్కుమొహం ఏం అద్దు. వాని ఎత్తు ఉంటె సాలు, ఇంట్ల నిలవెట్టుకుంట" అన్నది.

ఆమె అడిగింది అంతే. ఎత్తు.

గొల్లపల్లిలో పాత ఇనుము కొనే దుకాణం నుంచి లారీ కింద ఉండే కమాన్ పట్టీలు తెచ్చాను. మంచి ఉక్కు, మొండిది. ఎరుపు దాటి నారింజరంగుకు వచ్చినప్పుడే దానికి దెబ్బ వెయ్యాలి, ఆలస్యం చేస్తే మాట వినదు. నాయన పట్కారుతో పట్టుకుంటే నేను సమ్మెటతో కొట్టేవాణ్ణి. రెండు పట్టీలను మెలిపెట్టి, పైకి లేపి, ఒక పక్కకు ఒరిగేట్టు చేశాను. "గిదేం పనిరా? దున్నరాదు, కొయ్యరాదు, తలుపుకు పెట్టరాదు" అని నాయన రోజూ సణిగేవాడు. సణుగుతూనే పొద్దున్నే నాకంటే ముందు లేచి బొగ్గు పోసేవాడు.

ఒకనాడు దాన్ని గోడకు నిలబెట్టి, దూరం జరిగి చూసి, "అరే, మగ్గం మీదికెళ్ళి లేస్తున్న పోరని లెక్కనే ఉన్నదిరా" అన్నాడు.

శిల్పం చేసేవాడికి అంతకన్న ఏం కావాలి? ఎగిరి గంతెయ్యాల్సిన మాట. నాకు మాత్రం భయం పట్టుకుంది. ఇనుము తప్ప ఏమీ ఎరగని మా నాయనకే కనిపించినవాడు, వాడి ఫోటో చేతిలో పెట్టుకుని ఊరూరా తిరిగిన పోలీసులకు కనిపించడా? మళ్ళీ నిప్పులో పెట్టాను. ఆ ఒరుగుడును సాపు చేశాను. ఉలి పెట్టి పైనుంచి జానెడు కోసేశాను.

"ఎందుకురా?" అన్నాడు నాయన.

"మనిషెత్తు ఉంటె మనిషే యాదికొస్తడే."

ఆయన కింద పడ్డ ముక్కను ఏరుకున్నాడు. ఆ జానెడు ముక్కతో ఎవరికో తలుపు గొళ్ళెం చేసిచ్చాడు.

గోనెసంచిలో చుట్టి బస్సు మీద వేసుకుని సిరిసిల్లకు తీసుకుపోయాను. దారిలో పోలీసులు బస్సు ఆపి, సంచి దించి విప్పించారు. "ఏందిరా గిది?" అని ఒక జవాను అడిగాడు. "ఏం లేదు సార్, ఏం గాదు" అన్నాను. "ఏం గానిదానికి గింత ఇనుమెందుకురా?" అని నవ్వాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

ఆమె దాన్ని వెనకింట్లో నిలబెట్టించింది. దారం అడిగి తీసుకుని, కింద ఒక కొస కాలి బొటనవేలితో తొక్కిపట్టి, పైకి లాగింది. ఉక్కు అయిపోయింది, దారం అయిపోలేదు. మిగిలిన జానెడు ఆమె చేతిలో ఉంది.

నేను గబగబా మొదలుపెట్టాను. ఇది అమూర్తమనీ, కొలతలకు అందేది కాదనీ, చూసేవాళ్ళ మనసులో పెరుగుతుందనీ ఏదేదో కూశాను. సిగ్గులేకుండా చేతులు కూడా తిప్పాను. ఆమె అంతా విని, "గట్లనా" అన్నది. మిగిలిన దారాన్ని వేలికి చుట్టుకుంది. "అలిసిపోయి అచ్చినవ్, అన్నం తిను కొడుకా" అని కోడిగుడ్ల పులుసుతో పెట్టింది. కడుపునిండా తిన్నాను. అదీ నా బతుకు.

తర్వాత చాలా ఏళ్ళు సిరిసిల్ల దిక్కు పోలేదు. పోవాల్సిన పనులుండేవి, తప్పించుకున్నాను. ఒకసారి గంభీరావుపేటలో పెళ్ళికి పోయి తిరిగి వస్తుంటే, ఇంక మొహం చాటెయ్యడం చేతకాక ఆ ఇంటి ముందు దిగాను.

ఆమె ముసలిదైపోయింది. ముందింట్లో పవర్‌లూమ్‌ల మోత. వెనకింట్లో నేను చేసినదాని నిండా రంగు నూలు చిలపలు కట్టలు కట్టలుగా వేలాడుతున్నాయి. "అప్పుడు పోలీసోళ్ళు అచ్చి గిదేందని అడిగిండ్రు. నూలు ఆరేసుకునేదని చెప్పిన. ఇగ గప్పటిసంది ఆరేస్తనే ఉన్న" అని నవ్వింది.

అడుగున ఒక నల్లరాయి కనిపించింది. నేను పెట్టింది కాదు. "చెమ్మ తగులుతదని పెట్టినవా అమ్మా?" అన్నాను.

ఆమె నూలు చిలపలన్నీ ఒక్కొక్కటే తీసి దండెం మీద వేసింది. పైన కట్టి ఉన్న ఆ పాత కొలతదారం విప్పి కిందికి వదిలింది. అది రాతి అడుగుదాకా వచ్చి, నేలకు సరిగ్గా తాకి ఆగింది.

"జానెడు తక్కువైంది గదా. వాడు మగ్గం గుంతల కాళ్ళు పెట్టుకునే రాయి గిది. నువ్వు పోయిన్నాడే తీసి కింద పెట్టిన" అన్నది. నన్ను తప్పు పడుతున్నట్టు లేదు ఆ గొంతు. "నువ్వు భయపడ్డవని నాకు తెల్వదా కొడుకా? నాకు లేదా భయం?"

నేను తల దించుకుని ఆ రాయినే చూస్తున్నాను.

"గట్ల దాని పక్కకు నిలవడు ఒకసారి" అన్నది. "వాడు నీకంటె జెర పొడుగు, యాదికున్నదా?"

నిలబడ్డాను. ఉక్కు పైకొస నా తల కన్న రెండు వేళ్ళు పైన ఉంది. ఆ దారంతో ఉక్కును ఎన్నిసార్లు కొలిచానో లెక్కలేదు. దాన్ని నా పక్కన ఒక్కసారి కూడా పట్టుకుని చూసుకోలేదు. వాడు నాకంటే పొడుగని నాకు గుర్తు లేదు.

"ఉన్నదమ్మా" అన్నాను.