ఏడో గడి

దెయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నేను టీ పెట్టే వంకతో లేచిపోయేదాన్ని. నాకు వాటి మీద నమ్మకమూ లేదు, వినే ఓపికా లేదు. పద్దెనిమిదేళ్లుగా స్టాఫ్ నర్సుని. ఎంతోమందికి చివరిసారి కళ్లు మూసింది ఈ చేతులే. శవం పక్కన ఒక్కదాన్నే కూర్చుని కేస్ షీటు పూర్తి చేసిన రోజులున్నాయి. ఏనాడూ ఏదీ కనిపించలేదు, వినిపించలేదు.

ఇప్పుడైనా నేను చూసింది దెయ్యమని అనడం లేదు. ఒక కాగితం మీద ఉండాల్సిన గీత లేకపోవడం చూశాను, అంతే. అదీ పట్టపగలు, కిటికీ వెలుతురులో.

మాది నెల్లిమర్ల దగ్గర. నాన్న మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. అక్క సువర్ణని ఉద్దానం ప్రాంతంలో ఇచ్చారు. నేను నర్సింగు చదివి, అక్క ఉండే శ్రీకాకుళం జిల్లాలోనే ఒక ఆసుపత్రి డయాలిసిస్ వార్డులో చేరాను. ఉద్దానం పేరు విన్నవాళ్లకి అక్కడి కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కొబ్బరి, జీడి, పనస తోటలతో ఎటు చూసినా పచ్చగా ఉంటుంది. ఆ పచ్చదనం మధ్య కష్టపడి పనిచేసుకునే మనుషుల కిడ్నీలు పాడైపోతుంటాయి. ఎందుకన్నది ఇదమిత్థంగా తేల్చి చెప్పినవాళ్లు లేరు.

డయాలిసిస్ వెంటనే మొదలుపెట్టాల్సి వస్తే మెడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి ఒక గొట్టం పెడతారు. రక్తం దాంట్లోంచి మెషీన్‌కి వెళ్లి, శుభ్రపడి, మళ్లీ దాంట్లోంచే ఒంట్లోకి వస్తుంది. గొట్టం పెట్టేటప్పుడు చిన్న పొరపాటు జరిగినా క్రిములు నేరుగా రక్తంలోకి పోతాయి. రెండు మూడు రోజులకి మంచం అదిరేలా వణుకు, జ్వరం. కొందరు తేరుకుంటారు. కొందరు తేరుకోరు.

ఇదివరకు మా దగ్గర ఒక్కో డాక్టరుది ఒక్కో పద్ధతి. ఒకరు గౌను వేసుకుంటే ఇంకొకరు ఉక్కపోతని మానేసేవారు. ఒకరు రోగిని తల నుంచి కాళ్ల దాకా స్టెరైల్ గుడ్డతో కప్పిస్తే, ఇంకొకరు మెడ దగ్గర చిన్న గుడ్డతో సరిపెట్టేవారు. జ్వరాలు ఎక్కువవుతున్నాయని చివరికి అందరికీ ఒకటే పద్ధతి పెట్టారు. పన్నెండు గడులున్న కాగితం ఒకటి అచ్చు వేయించారు. పనిలో చెయ్యి పెట్టని నర్సు ఒకరు పక్కన నిలబడి, ఒక్కో పని జరగడం కళ్లతో చూశాకే ఆ గడిలో టిక్కు పెట్టాలి. ఏదైనా తప్పితే "ఆగండి" అనాలి. ఎంత పెద్ద డాక్టరైనా ఆగాలి.

అలా నిలబడే పని నాకిచ్చారు.

ఏడో గడిలో ఇలా ఉంటుంది: "చర్మానికి రాసిన మందు పూర్తిగా ఆరిందా?" తడి మీదే సూది గుచ్చితే క్రిములు చావవు, ఆ మందు రాసీ రాయనట్టే. చూడ్డానికి చిన్న విషయం. కానీ చేతిలో సూది పట్టుకుని ఊరికే నిలబడి ఆగడం ఎవరికైనా కష్టమే.

మొదటి వారంలోనే నేను "ఆగండి" అనాల్సి వచ్చింది. అన్నది మా పెద్ద డాక్టరు గారితో. సూది మెడ దాకా వచ్చేసింది. నా గొంతు నాకే వినపడనంత మెల్లగా వచ్చింది.

"ఆరలేదు సార్."

ఆయన మాస్కు మీంచి నన్ను చూశారు. "ఈ పని ఎన్నేళ్ల నుంచి చేస్తున్నానో తెలుసా సిస్టర్?"

"తెలుసు సార్. ఇంకా ఆరలేదు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆరేదాకా నిలబడ్డారు. ఆ రోజు తర్వాత నేను చెప్పకముందే ఆగేవారు. ఆయన మంచి మనిషి. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదాంట్లో ఆయన తప్పు నేనెక్కడా చూడలేదు.

కొన్ని నెలలు అంతా బాగానే నడిచింది. జ్వరాలు బాగా తగ్గాయి.

గీత లేకపోవడం మొదటిసారి చూసింది గవరమ్మ అనే పెద్దావిడ కాగితంలో. పొద్దున్న గొట్టం పెట్టారు. సాయంత్రం ఆ రోజు కాగితాలన్నీ ఫైల్లో పెడుతుంటే ఏడో గడి ఖాళీగా కనిపించింది. మిగతా పదకొండింట్లో టిక్కులున్నాయి. మర్చిపోయి ఉంటానని నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత గుర్తొచ్చి టిక్కు పెట్టకూడదన్నది నియమం. అందుకని ఖాళీగానే ఉంచి, కింద సంతకం చేసి ఫైల్లో పెట్టేశాను. మూడో రోజు డయాలిసిస్ మధ్యలో గవరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "సలేస్తంది తల్లీ," అంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆవిడ బతికింది గానీ నెల్లాళ్లు మంచం దిగలేదు.

ఆ నెల్లాళ్లూ ఆవిడని చూసినప్పుడల్లా నా మీద నాకే అనుమానం. నిజంగా ఆరిందో లేదో చూశానా? లేక అలవాటుగా చూపు తిప్పేశానా?

అందుకే అప్పటి నుంచి లక్ష్మిని పక్కన నిలబెట్టుకునేదాన్ని. లక్ష్మి నాకంటే చిన్న, అదే వార్డులో నర్సు. నేను టిక్కు పెడితే ఆ అమ్మాయి చూసి కింద రెండో సంతకం పెట్టేది.

రెండోది కిరాణా కొట్టు నడుపుకునే ఒకాయన కాగితం. ఆయన మెడ మీద మందు ఆరడం ఇద్దరం చూశాం. నేను టిక్కు పెట్టాను, లక్ష్మి సంతకం పెట్టింది. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఫైలు తీస్తే ఏడో గడి ఖాళీ.

లక్ష్మిని పిలిచాను. గడి మీద వేలు పెట్టి చూసింది.

"అక్కా, నువ్వు గీత పెట్టేవు. నా కళ్లతో సూసేను. నీ మీదొట్టు."

"మరేదే?"

అప్పుడు కాగితం తిప్పి చూశాను. నేను బాల్ పెన్నుతో గట్టిగా నొక్కి రాస్తాను. ప్రతి టిక్కుకీ వెనకవైపు గీత ఉబ్బి, వేలితో తడిమితే తెలుస్తుంది. పదకొండు తగిలాయి. ఏడో గడి వెనక నున్నగా ఉంది. సిరా చెరిగిపోయిందనుకుంటే ఆ ఉబ్బు ఉండాలి కదా. అసలక్కడ పెన్నే ఆననట్టుంది.

నాలుగో రోజు ఆయనకి చలి మొదలైంది. వారం తిరక్కుండా పోయాడు.

డాక్టరు గారికి చెప్పాను. విన్నారు. విసుక్కోలేదు. "పని ఎక్కువైంది సిస్టర్. ఇద్దరూ ఒకేలా పొరబడడం జరుగుతుంది," అన్నారు. రెండు రోజులు సెలవు తీసుకోమన్నారు. తీసుకున్నాను. తిరిగొచ్చాక చాలాకాలం ఏమీ జరగలేదు. పొరపాటే అయి ఉంటుందని నేనూ ఒప్పుకోవడం మొదలుపెట్టాను.

అప్పుడు మా బావ వచ్చాడు.

ప్రకాశం బావ మా అక్క భర్త. జీడిపిక్కలు కాల్చే బట్టీలో పని. పిక్కల్లోంచి కారే జిడ్డుకి అరచేతులు నల్లబడి, ఎంత కడిగినా తెల్లబడేవి కావు. మాటకి ముందు నవ్వే మనిషి. రెండేళ్లుగా డయాలిసిస్ మీద ఉన్నాడు. డయాలిసిస్ సూదుల కోసం చేతి నరానికి చేసిన ఆపరేషన్ పనిచేయడం మానేసింది. ఎడమవైపు మెడలో నాళం పాత గొట్టాల వల్ల మూసుకుపోయింది. మెడలో కుడివైపు ఒక్కటే మిగిలింది.

అక్కడ గొట్టం పెట్టే రోజు పొద్దున్న నాకు చేతకాదని చెప్పి తప్పుకోవాలనిపించింది. కానీ నేను కాకపోతే ఇంకెవరు అంత జాగ్రత్తగా చూస్తారు? అలా అనుకునే నిలబడ్డాను.

డాక్టరు గారు చేతులు కడుక్కోవడం మొదట్నుంచీ చూశాను. టోపీ, మాస్కు, గౌను, గ్లవ్స్ అన్నీ చూశాను. బావని గుడ్డతో కప్పేశారు. మొహం కూడా లోపలికి వెళ్లిపోయింది.

"రత్నం, ఏటీ కనపడ్డం లేదు. నువ్వున్నావేటి?"

"ఉన్నాను బావా."

"అయితే పర్లేదు."

మందు రాశారు. ఆరాల్సినదానికి రెట్టింపు సేపు ఆగాం. చర్మం మీద మెరుపు పోవడం చూశాను. లక్ష్మి చూసింది. డాక్టరు గారు తనంతట తానే "ఆరిందా సిస్టర్?" అని అడిగారు. "ఆరింది సార్" అన్నాను. టిక్కు పెట్టాను. పన్నెండూ అయ్యాక ఆ గదిలోంచి కదలకుండానే కాగితాన్ని నా ఫోనుతో ఫోటో తీశాను.

ఆ తర్వాత కాగితాన్ని ఎక్కడా వదల్లేదు. అట్టకి క్లిప్పు పెట్టి వెంటే తిప్పుకున్నాను. ఇంజక్షన్ చేసేటప్పుడు కూడా ఎదురుగా బల్ల మీద పెట్టుకున్నాను. మధ్యాహ్నం బావ మంచం పక్కన కిటికీ దగ్గర కూర్చున్నాను.

"ఏటే, పరీక్షకి సదూతన్నావేటి? ఆ కాయితం అలా పట్టుకున్నావు," అన్నాడు బావ.

"ఏం లేదు బావా. పడుకో."

"నా పేరేటైనా తప్పు రాసేరేటి?"

నవ్వాను. తల ఎత్తి ఆయన్ని చూసి నవ్వి, మళ్లీ తల దించాను. అంతసేపే.

ఏడో గడి ఖాళీగా ఉంది.

కాగితం తిప్పి వేలితో తడిమాను. పదకొండు తగిలాయి.

డాక్టరు గారి గదికి వెళ్లి ఒక చేత్తో ఫోటో, ఇంకో చేత్తో కాగితం ఆయన ముందు పెట్టాను. ఫోటోలో టిక్కు ఉంది. నా సంతకం, లక్ష్మి సంతకం, పై మూలలో కాగితం మడత కూడా రెండింట్లో ఒక్కలాగే ఉన్నాయి. ఆయన కాగితం వెనక బొటనవేలితో తడిమి చూశారు. మళ్లీ తడిమారు.

"గొట్టం తీసేద్దాం సార్," అన్నాను.

"తీసేస్తే ఎల్లుండి డయాలిసిస్ దేంట్లోంచి చేద్దాం? తొడ దగ్గర పెడితే క్రిములు ఇంకా తొందరగా చేరతాయి. జ్వరం లేదు. నొప్పి లేదు. ఈ కాగితం చూసి నేనేం మందు రాయాలి, చెప్పండి సిస్టర్?"

కోపంగా అడగలేదు. నిజంగానే అడిగారు. అయినా ఆయన ఊరుకోకుండా రక్తం తీయించి, క్రిములున్నాయేమో చూడమని ల్యాబ్‌కి పంపించారు. అంతకన్నా ఎవరైనా ఏం చేయగలరు?

అక్కకి చెప్పలేదు. ఏమని చెప్పను? నీ మొగుడికి జ్వరం రాబోతోంది, కాగితం చెప్పింది అనా? ఆ రెండు రోజులూ రోజుకి పదిసార్లు బావ నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. గొట్టం చివరలు ముట్టుకునే ప్రతిసారీ నేనే తుడిచాను, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. చిన్నప్పటి నుంచి వచ్చిన ప్రార్థనలన్నీ చేశాను.

మూడో రోజు పొద్దున్న ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చింది. ఏ క్రిమీ పెరగలేదని ఉంది. ఆ కాగితం చేతిలో పట్టుకుని పరుగులాంటి నడకతో వార్డులోకి వెళ్లాను. బావ మెషీన్ మీద ఉన్నాడు. దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు.

"సలేస్తందే రత్నం," అన్నాడు.

చలి మొదలైన ఆ రోజు మళ్లీ తీసిన రక్తంలో క్రిమి పెరిగింది. మామూలుగా మన చర్మం మీద ఉండేదే. గొట్టం తీసి తొడ దగ్గర వేరేది పెట్టారు. మందులు మార్చారు. పదకొండు రోజులు పోరాడారు. అయినా బావ దక్కలేదు.

ఆ తర్వాత మా వార్డులో ఎంతోమందికి గొట్టాలు పెట్టారు. ఏ గడీ ఖాళీ అవలేదు. ఎందుకు ఆ ముగ్గురికే అలా అయిందో తెలియదు. జరగబోయేది ముందే చెప్పడానికైతే, ఆపే దారి కూడా చూపించాలి కదా. నాకు ఏ దారీ కనిపించలేదు. కాగితాలు మార్చి ఉంటారా, నా బుర్రే చెడిందా అని నేను పడని అనుమానం లేదు. లక్ష్మి చూసింది, డాక్టరు గారు చూశారు. ఫోటో ఇప్పటికీ నా ఫోనులో ఉంది. ఆ కాగితం ఆసుపత్రి ఫైల్లో ఉంది.

సమాధి కార్యక్రమం అయిపోయి చర్చివాళ్లంతా వెళ్లిపోయాక అక్కా, నేనూ వాళ్ల వసారాలో కూర్చున్నాం. అక్క అప్పటిదాకా ఏడవలేదు. నా వైపు తిరిగి అడిగింది.

"ఒసే రత్నం, గొట్టం ఎట్టినప్పుడు నువ్వు దగ్గరే ఉన్నావు కదే? అంతా సరిగ్గానే సేసేరు కదా?"

"సరిగ్గానే సేసేరక్కా. నేను సూసేను."

"అదే. రత్నం దగ్గరుంటే నాకు భయం లేదని ఆయన అనీవోరు."

అలా అని నా భుజం మీద తల పెట్టి అప్పుడు ఏడ్చింది. నేను కదలకుండా కూర్చున్నాను. ఆ రోజు అక్కకి నేను చెప్పింది నిజమో అబద్ధమో నాకు ఇప్పటికీ తెలియదు.