మార్జిన్‌లో సున్నాలు

జూలై మొదటి సోమవారం: “పాఠంలో శ్రద్ధ లేదు.” అదే వారం గురువారం: “పిలిచినా పలకలేదు.” మూడో వారం, శుక్రవారం: “ఇలాగే ఉంటే కింది సెక్షన్‌కు మారుస్తాము.” ఏడో తరగతి చదివే నా మనుమరాలు కావ్య డైరీలో బడివారు ఎర్ర సిరాతో రాసిన ఈ మూడు వాక్యాలనూ, రోజూ జరిగినవి రాసుకునే నా రికార్డు పుస్తకంలోకి ఎక్కించుకున్నాను. కిటికీలోంచి తడిసిన ఎర్రమట్టి వాసన వస్తున్నది. పాఠం నడుమ ఎక్కడికి పోయావమ్మా అని ఆమెనడిగాను.

“వాన సప్పుడు వింటున్న తాతా. గది చెప్తే ఇంకింత తిడ్తరు.”

ఆ వాసనా, ఆ భయమూ కలిసి నాకు సుగుణమ్మ టీచరును గుర్తుకుతెచ్చాయి. జహీరాబాదులో మా ఏడో తరగతికి ఆమె లెక్కలు చెప్పేవారు. పాఠం మధ్యలో ఉన్నట్టుండి డస్టరుతో బల్లమీద రెండుసార్లు కొట్టేవారు. ఆ క్షణాన మనసు పాఠంలో ఉంటే నోటుపుస్తకం మార్జిన్‌లో చుక్క పెట్టాలి. ఎటైనా పోయి ఉంటే సున్నా చుట్టి, పోయిన చోటు పేరు రాయాలి. నా పుస్తకం నిండా చుక్కలే. చుక్కలు ఎక్కువున్నవాడే గెలిచినట్టని నా లెక్క.

“ఏందిరా, నీ మనసుకు కాళ్లే లేవా? ఒక్కపారి గూడ బయటికి పోలే?” అన్నారొకనాడు.

“గిక్కడ్నే ఉన్న టీచర్.”

“అట్లనా? మరి ఇప్పుడు నేను చెప్పిన లెక్కేంది?”

తరగతి గొల్లుమన్నది. ఆమె మాత్రం నవ్వలేదు. “పోయినందుకు నిన్నేమన బిడ్డా. పోయినవని నీకు ఎర్కయిందా లేదా, గంతే నాక్కావాలె.”

మర్నాడు డస్టరు మోగగానే మొదటిసారి సున్నా చుట్టి, పక్కన “దవాఖాన” అని రాశాను. అమ్మను అక్కడ చేర్చి వారమైంది. బడిలో ఎవరికీ చెప్పుకోలేదు. టీచరు ఆ మాటను పైకి చదవలేదు. కింద పెన్సిలుతో “పోయి వచ్చావు. మంచిది” అని రాశారు. బడి విడిచాక నాతోపాటు దవాఖాన దాకా నడిచి వచ్చారు. దారిపొడుగునా ఒక్క ప్రశ్న అడగలేదు.

అమ్మ కోలుకున్నది. మరుసటి ఏడు టీచరు బదిలీ మీద వెళ్లిపోయారు. మళ్లీ కనబడలేదు. ఈ వయసులోనూ నా రికార్డు పుస్తకం మార్జిన్‌లో సున్నాలు చుడుతూనే ఉన్నాను. ఈమధ్య వాటి పక్కన ఎక్కువగా ఆమె పేరే పడుతున్నది. కింద పెన్సిలుతో రాసేవారే లేరు.

కావ్య చేత నిన్న ఆమె నోటుపుస్తకం మార్జిన్‌లో ఒక సున్నా చుట్టించాను. పక్కన “వాన” అని రాసింది. ఆ పేజీని జతచేసి బడివారికి పంపుతున్న లేఖలోని చివరి వాక్యాలివి:

“పై మూడు రోజులలో మా మనుమరాలి మనసు ఎక్కడికి పోయిందో మీలో ఎవరైనా ఆమెను అడిగారా? అడిగి ఉంటే ఆమె చెప్పిన జవాబును, అడగకపోతే అందుకు కారణాన్ని, సెక్షన్ మార్చకముందే నాకు లిఖితపూర్వకంగా తెలియజేయవలెను.”