బాపు అన్‌ఫిట్ కాని ఏడాది

మా కాలనీలో ఒక మనిషి అన్‌ఫిట్ అయ్యాడంటే సంతోషపడాలి. వేరే ఊరివాళ్లకు చెబితే నమ్మరు. ఇక ఇతను బాయి పనికి పనికిరాడని మెడికల్ బోర్డు డాక్టర్లు రాసిస్తే, ఆ ఉద్యోగం అతని కొడుక్కో బిడ్డకో వస్తుంది. బాయి అంటే మా దగ్గర బొగ్గు గని, కంపెనీ అంటే ఆ గనుల కంపెనీ. అందుకే గోదావరిఖనిలో "ఆయన అన్‌ఫిట్ అయిండట" అని ఎవరైనా అంటే, వెంటనే పక్కవాళ్లు "అదృష్టవంతుడు" అంటారు. స్వీట్లు పంచినవాళ్లనూ చూశాను. నడుము పోయిందన్న కబురుకు మైసూర్‌పాక్ ఏమిటో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. తినడం మాత్రం మానలేదు.

నేను ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలోకి వచ్చేసరికి ఆ ముచ్చట మా ఇంటికొచ్చింది. బాపు బాయిలో పైకప్పు కూలకుండా సపోర్టులు పెట్టే పని చేస్తాడు. నేను పుట్టకముందు నుంచీ అదే పని. మోకాళ్లు పాడైపోయాయి. ఇంటి ముందున్న మెట్లు దిగడానికి కూడా గోడ పట్టుకునేవాడు. అయితే రిటైర్‌మెంటుకు కొంత సర్వీసు మిగిలి ఉండగా అన్‌ఫిట్ అయితేనే పిల్లలకు ఉద్యోగం. ఆ గడువు దాటితే ఏమీ లేదు. మాకు వచ్చే ఎండాకాలం దాకా టైముంది. నేను ఒక్కదాన్నే బిడ్డను. నేను సరేనంటే బాపు బాయి దిగడం ఆగిపోతుంది. వద్దంటే, ఆ మోకాళ్లతోనే రిటైరయ్యేదాకా దిగాలి. ఇంత సులువైన లెక్కకు నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నాకు అప్పటికే కోడు రాయడం పిచ్చి పట్టింది.

అమ్మ దగ్గర జవాబు ఉంది. "కంపెనీ నౌకరంటే మాటలా? క్వార్టర్ ఉంటది, దవాఖాన ఉంటది. ఆడపిల్లలను బాయి దింపకుంట పైన ఆఫీసులల్లనే ఏస్తున్నరట. హైదరాబాద్‌ల కంప్యూటర్ నౌకరి ఇయ్యాల ఉంటది, రేపు ఊడుతది," అనేది. నేను ల్యాప్‌టాప్ తెరిస్తే చాలు, స్టవ్ వైపు తిరిగి, "ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతదట" అని కూరకు చెప్పేది. బాపు ఏమీ అనేవాడు కాదు. నాకు అదే ఎక్కువ కష్టంగా ఉండేది. తిట్టేవాళ్లతో కనీసం కొట్లాడవచ్చు.

ఆ పిచ్చి మొదలైంది మా లైనులోనే. లైను అంటే ఒకదానికొకటి ఆనుకుని కట్టిన క్వార్టర్ల వరుస. ఒకింట్లో పోపు పెడితే రెండో ఇంట్లో తుమ్ముతారు. రాత్రి డ్యూటీ చేసినవాళ్లు పగలు పడుకోవాలి కాబట్టి మాకొక పద్ధతి ఉంది. రాత్రి షిఫ్టు మనిషి ఉన్న ఇంటి దగ్గర పగటిపూట చప్పుడు చేయకూడదు. పిల్లలు క్రికెట్ ఆ చివరికి తీసుకుపోవాలి. పక్కింట్లో మిక్సీ తిరగకూడదు. కూరగాయలామె కూడా ఆ గుమ్మం ముందు గొంతు తగ్గించాలి. కానీ షిఫ్టులు వారం వారం మారుతుంటాయి. ఎవరికి ఏ షిఫ్టో గుర్తుపెట్టుకోవడం ఆడవాళ్ల పని, మర్చిపోతే తిట్లు వాళ్లకే.

రెండో సంవత్సరం సెలవుల్లో నేను ఫోన్లో తెరుచుకునే ఒక చిన్న పేజీ తయారుచేశాను. మా లైనులో ప్రతి ఇంటికీ ఒక గడి, అందులో ఆ ఇంటి మనిషికి ఆ వారం ఏ షిఫ్టో ఉంటుంది. రాత్రి షిఫ్టు ఇంటికి ఎర్ర రంగు, "చప్పుడు చేయొద్దు" అన్న మాట. వాట్సాప్‌లో పెడితే రెండు రోజుల్లో పక్క లైను వాళ్లు కూడా మా ఇళ్లు కలుపుమని వచ్చారు. కాలేజీలో ఎన్ని మార్కులు వచ్చినా కలగని గర్వం, కూరగాయలామె తన ఫోన్ తీసి ఏ ఇంటి ముందు అరవాలో చూసుకున్న రోజున కలిగింది.

అందరికీ మేలు జరగలేదనుకోండి. పక్కింటి కాక ఒకనాడు మధ్యాహ్నం రెండో షిఫ్టుకని టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరాడు. ఆయన భార్య చిన్నమ్మ ఫోన్ చూసి, "ఇండ్ల మొదటి షిఫ్టని ఉన్నదేంది? పొద్దటి సంది ఇంట్లనే ఉంటివి. ఇప్పుడు ఏ డ్యూటీకి పోతున్నవు?" అని అడిగింది. కాక పోతున్నది కల్లు దగ్గరికి. సాయంత్రం మా గుమ్మంలో కూర్చుని, "బిడ్డా, నువ్వు సదువుకున్నవని సంబురపడితి. ఆ సదువు నా మెడకే సుట్టుకున్నది," అన్నాడు. బాపు ఆ రోజు నవ్విన నవ్వు ఇంకా గుర్తుంది.

ఆ పేజీ వల్లే నాకు హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ అవకాశం ఇచ్చింది. ప్రైవేటు ఆసుపత్రుల కోసం సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు. వీడియోకాల్‌లో టీమ్ లీడ్ మేడమ్ నా మార్కులు అడగలేదు, సొంతంగా ఏం చేశావని అడిగింది. ఎర్ర గడులు చూపించి కాక కథ చెప్పాను. ఆమె చాలాసేపు నవ్వి, ఎండాకాలం దాకా ట్రయల్, ఇంటి నుంచే పూటకింత పని, బాగా చేస్తే చదువు కాగానే ఉద్యోగం అన్నది.

ఆ మాట బాపుకు చెప్పాను. "ఎండకాలం లోపల గీ నౌకరి పక్కా అయితే నేను మీ కంపెనీకి రాను. కాకుంటే మనం బోర్డుకు పోదాం," అన్నాను.

"సరే," అన్నాడు బాపు. చర్చ అంతటితో అయిపోయింది.

అప్పటి నుంచి నా దినచర్య బాపు షిఫ్టును బట్టి, కాలేజీ బస్సును బట్టి నడిచింది. మంథని దిక్కు పోయే ఆ బస్సులో ఒడిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కోడు రాసేదాన్ని. గుంత వచ్చినప్పుడల్లా వేలు తప్పు అక్షరం మీద పడేది. బాపు పగలు పడుకునే వారం ఇంట్లో కీబోర్డు చప్పుడు కూడా ఎక్కువే కాబట్టి, వెనక బట్టలుతికే రాయి మీద కూర్చునేదాన్ని. పాఠాలు వినాల్సినప్పుడు పని గుర్తొచ్చేది, పని చేస్తుంటే పాఠాలు గుర్తొచ్చేవి. రెండు పడవల మీద కాళ్లు పెడితే మునుగుతారంటారు గానీ, మునగడానికి కూడా నాకు తీరిక లేదు.

ట్రయల్‌లో నాకిచ్చింది నర్సుల డ్యూటీలు, వాళ్లు రోగులకు ఇచ్చిన మందుల వివరాలు చూపించే పేజీ. షిఫ్టులంటే నాకు పుట్టుకతో వచ్చిన విద్య. లైను కోసం రాసిన కోడునే తీసి, కొద్దిగా మార్చి పెట్టేశాను. మేడమ్‌కు పంపి గర్వంగా కాలేజీకి వెళ్లాను. మధ్యాహ్నం ల్యాబ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది.

"తెల్లవారుజామున ఇచ్చిన ఇంజెక్షన్ నిన్నటి తేదీలో కనిపిస్తుందేంటి?" అని అడిగింది.

"రాత్రి డ్యూటీ కదా మేడమ్. అది నిన్నటిదే కదా," అన్నాను.

ఆమె నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు, "అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుందమ్మా," అన్నది.

నాకు తెలియదా? తెలుసు. పరీక్షలో రాయమంటే రాస్తాను. కానీ మా ఇంట్లో బాపు వచ్చేదాకా తేదీ మారదు. మంగళవారం రాత్రి డ్యూటీకి పోతే, పొద్దున వచ్చి బూట్లు విడిచేదాకా అది మంగళవారమే. హాజరు కూడా మంగళవారానిదే పడుతుంది. బాపు సోమవారం నీచు ముట్టడు. రాత్రి డ్యూటీ అయితే తెల్లారి ఇంటికొచ్చి స్నానం చేసేదాకా ఆయనకు సోమవారమే నడుస్తుంది. అమ్మ కూడా ఆ వారమంతా ఆయన గేటు తీసిన తర్వాతే వాకిట్లో ముగ్గేస్తుంది. మా లైనులో ఎవరినడిగినా ఇదే చెబుతారు. అందుకే మా పేజీలో ఆ తప్పు ఎవరికీ కనపడలేదు. అక్కడ అది తప్పే కాదు.

ఆసుపత్రిలో అది చాలా పెద్ద తప్పు. ఈ రోజు మందులేవని చూసిన డాక్టరుకు, తెల్లవారుజామున ఇచ్చిన మందు కనపడదు. ఇవ్వలేదనుకుని మళ్లీ ఇవ్వమనవచ్చు. అదృష్టం బాగుండి అప్పటికింకా నిజమైన రోగుల వివరాలు పెట్టలేదు. మేడమ్ ఇదంతా విడమరిచి చెప్పింది. "వారం ఇస్తాను, మొత్తం సరిచేయి. తర్వాత నిన్ను ఉంచాలా వద్దా చూద్దాం," అన్నది. గొంతులో కోపం లేదు. అందుకు ఆమెకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఆ వారమే సెమిస్టర్ పరీక్షలు. తేదీ ఎక్కడెక్కడ వాడానో అక్కడల్లా విప్పి మళ్లీ కుట్టాను. పరీక్షల్లో ఒక సబ్జెక్టు పోయింది. చిన్నప్పటి నుంచి ఫస్టు వచ్చినదాన్ని. ఫలితం చూసి బాత్రూంలో నల్లా తిప్పుకుని ఏడ్చాను. ఆ చప్పుడుకు అమ్మ తలుపు కొట్టి, "నీళ్లు పోతయి, బయటికొచ్చి ఏడువు," అన్నది. బయటికొస్తే అన్నంలో ఇంత పచ్చిపులుసు పోసి ముందు పెట్టింది. ఆ పూట సామెతలేమీ చెప్పలేదు.

ఎండలు ముదురుతుండగా మేడమ్ ఫోన్ చేసింది. ఆ సబ్జెక్టు పాస్ కావాలన్న షరతుతో ఉద్యోగం ఖాయం చేసింది. నేను గెలిచాను. గెలిచినవాళ్లకు సంతోషంగా ఉంటుందంటారు. నాకు ఆ సంతోషం ఒక పూట కూడా నిలవలేదు.

ఎందుకంటే అదే రోజు మొదటి షిఫ్టు ముగించుకుని వచ్చిన బాపు, గేటు దగ్గర బండి ఆపి చాలాసేపు దాని మీదే కూర్చున్నాడు. కాలు దింపడానికి ధైర్యం కూడగట్టుకుంటున్నాడని నాకు అర్థమైంది. వెళ్లి భుజం పట్టి గుమ్మం దాకా తెచ్చి, బూట్లు విప్పాను. మోకాలు వాచి ఉంది. ఇన్నాళ్లు ఏ మాటకోసం ఎదురు చూశానో అది చెప్పకుండా, నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"బాపు, బోర్డుకు పోదాం. నేను కంపెనీ నౌకరి తీసుకుంట. నువ్వు ఇగ దిగకు."

"నిన్ను పనిలకెల్లి తీసేసినరా?"

"లేదు. పక్కా అయింది."

"మరి ఇదేంది?"

"నీ మోకాలు ఒకసారి చూస్కో. నన్ను పైన ఆఫీసులనే ఏస్తరట."

బాపు మోకాలి మీదికి ప్యాంటు దించుకున్నాడు. నా జీవితంలో ఆయన ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

"ఇయ్యాల పైన ఏస్తరు, రేపు కింద ఏస్తరు. నేను కింద ఉంటే నాకు భయం లేదు బిడ్డా. కప్పు చప్పుడు చేస్తే నాకు ఎరుకైతది, పక్కకు జరుగుత. నువ్వు కింద ఉన్నవనుకో, నేను గీ గడపల కూసుంట. ఈడికి ఏ చప్పుడు వినపడదు. నువ్వు వచ్చేదాక గట్ల కూసునుడు నాతోని కాదు. మోకాళ్లదేముంది, ఎట్లనో నడుస్తయి."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. బాపు నా తల మీద చెయ్యి వేశాడు, బొగ్గు వాసనతో. లోపల అమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు కాసేపు ఆగింది. ఆమె బయటికి రాలేదు.

గడువు ముగిసే రోజు మిగతా రోజుల లాగానే వచ్చింది. బాపుకు రెండో షిఫ్టు. అమ్మ డబ్బా కట్టిచ్చింది. ఆయన గోడ పట్టుకుని మెట్లు దిగి, బండి ఎక్కి, వెళ్లొస్తానని తలూపి పోయాడు. నేను ముందుగదిలో పనిలో ఉన్నాను. అమ్మ గేటు వేసి వచ్చి గడప మీద కూర్చుంది, చేతికి పనేమీ పెట్టుకోకుండా.

"గడపల కూసునుడు మీ బాపుతోని కాదట," అన్నది రోడ్డు వైపు చూస్తూ. "మరి ఇన్నేండ్లు నాతోని ఎట్లయిందో ఒక్కనాడన్న అడిగిండా?"

ఏడాది పొడుగునా క్వార్టర్ అని, దవాఖాన అని ఆమె ఎందుకు పోరిందో నాకు అప్పటిదాకా తట్టనే లేదు. ల్యాప్‌టాప్ మూసి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. బాపు రావడానికి ఇంకా చాలాసేపుంది.