అలిసిపోని మృగాన్ని చూసొచ్చాక

మా తమ్ముడు పోయాడు. శుక్రవారం మధ్యాహ్నం, నిద్రలోనే. ఆసుపత్రి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను దేవుడి అర ముందు కూర్చుని ఉన్నాను. బాధపడ్డాడా అని ఒక్కటే అడిగాను. లేదమ్మా, పడుకునే వెళ్ళిపోయాడు అంది నర్సు. ఫోను పక్కన పెట్టి దండం పెట్టుకున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది.

ఇక్కడ గల్ఫ్‌లో, దుఖాన్‌లో కంపెనీ బస్సు నడిపేవాడు. క్యాంపు నుంచి మనుషుల్ని డ్యూటీకి చేర్చి, సాయంత్రం మళ్ళీ దింపేవాడు. ఇది చదివేవాళ్ళలో వాడి బస్సెక్కినవాళ్ళు ఉంటారు. ఎవరి బండి తొందరపడినా స్టీరింగు మీంచి అరచెయ్యి కొద్దిగా ఎత్తేవాడు, పోనీ అన్నట్టు. వెనకనుంచి ఎవరైనా “అన్నా, ముందు మనమే కదా” అని గొణిగితే, “దారిస్తే రోడ్డు అరిగిపోద్దా?” అనేవాడు.

పెళ్ళి చేసుకోలేదు. సెలవు రోజున ఏషియన్ టౌన్‌లో సినిమా చూసి, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో మా ఇంటికి వచ్చేవాడు. పప్పుచారు అన్నం తింటూ ఆ సినిమా కథంతా చెప్పేవాడు. ఫైటింగులు నోటితోనే. మా వారు నవ్వేవారు.

“సినిమా రెండు గంటలైతే నువ్వు మూడు గంటలు చెప్తావేంటయ్యా?”

“ఇంటర్వెల్ కూడా కలుపుతున్నా కదా బావా.”

నేను సినిమాలకు వెళ్ళను. చిన్నప్పుడు వాడి చెయ్యి పట్టుకుని మా ఊరి డేరా హాలుకు వెళ్ళిన ఒక సినిమా మాత్రం గుర్తుంది. సముద్రంలోంచి కొండంత మృగం లేచి పట్నం మీద పడుతుంది. అది వచ్చినప్పుడల్లా నేను కళ్ళు మూసుకుని ఆంజనేయస్వామిని తలుచుకున్నాను. చివర్లో దాన్ని ఒడ్డునే ఫిరంగులతో కూల్చేశారు. ఇంటికి వచ్చేదాకా వాడు ఏడుస్తూనే ఉన్నాడు. “నిద్రలేపింది వాళ్ళే కదక్కా. పడుకోనియ్యొచ్చుగా.”

ఈ ఏడాది వాడికి కడుపులో గడ్డ బయటపడింది. మా ఇంటికే తెచ్చుకున్నాం. నేను పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ పెట్టి ఆంజనేయస్వామికి ముడుపు కట్టాను, తమ్ముడు లేచి తిరగాలని. మందులు ఎక్కించారు. మనిషి సగమయ్యాడు. ఇంకో విడత ఎక్కించి చూడొచ్చు, ఆశ మాత్రం తక్కువ అన్నారు డాక్టరుగారు. నేను ఎక్కిద్దామన్నాను.

ఆ వారమే ఆ పాత సినిమాను కోట్లు పోసి మళ్ళీ తీశారని తెలిసింది. “పెద్దక్కా, నువ్వు కూడా రా. ఈసారి కళ్ళు తెరుచుకుని చూడు” అన్నాడు. మా వారు మధ్యాహ్నం ఆటకు తీసుకెళ్ళారు.

కళ్ళు తెరుచుకునే చూశాను. కారులో తిరిగి వస్తుంటే, వెనక సీట్లో నా పక్కన తల వాల్చుకుని, వాడు తీర్పు మొదలుపెట్టాడు.

“మొదటి అరగంట బాగుంది. మృగాన్ని చూపించకుండా నీళ్ళు వెనక్కి లాగేసి, పడవలు బురదలో ఒరిగిపోతాయి చూడు, అక్కడ నాకు నిజంగా భయమేసింది. ఆ అడుగు చప్పుడు కూడా ఛాతీలోకి దిగింది.”

“మరింకేం?” అన్నారు మా వారు.

“తర్వాత అంతా చీకటి, వాన. అన్ని డబ్బులు పెట్టి ఎందుకు దాచారో. ఆ సైంటిస్టు, పెళ్ళాం తగువు ఒకటి, తెగదు. ఊరంతా కూలింది గానీ ఒక్క మనిషి పోయినట్టు అనిపించలేదు బావా.”

కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

“పాతదాంట్లో రబ్బరు తొడుగులో మనిషుండేవాడు. వీపు మీద కుట్టు కూడా కనపడేది. అయినా అది నడుస్తుంటే అలిసిపోయినట్టుండేది. ఇది అలిసిపోదు. అలిసిపోనిదాన్ని చూసి జాలెట్లా పడతాం?”

వాడి తల నా భుజం మీదకి సర్దాను.

“ఒక్కటి మాత్రం పాతదానికన్నా బాగా తీశారు. చివర్లో దాన్ని సముద్రంలోకి పోనిచ్చారు.” తర్వాత మెల్లగా అడిగాడు. “ముడుపు కట్టావంట. ఏమని?”

“నువ్వు లేచి తిరగాలని.”

“ఆయనకి ఇంకో మాట చెప్పు. మా తమ్ముడు అలిసిపోయాడని చెప్పు.”

మర్నాడు మందు వద్దని డాక్టరుగారికి వాడే చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను, అడ్డు చెప్పలేదు. కట్టిన ముడుపు మధ్యలో విప్పకూడదని మా అమ్మ అనేది. విప్పాను. అదే గుడ్డ, అదే బిళ్ళ. వాడు చెప్పమన్న మాట చెప్పి, బాధ లేకుండా చూడు తండ్రీ అని మళ్ళీ కట్టాను.

ఆ తర్వాతి రోజులు తేలిగ్గా గడిచాయి. క్యాంపు నుంచి చూడవచ్చిన వాళ్ళందరికీ సినిమా చెప్పాడు. ప్రతిసారీ మృగం ఇంకొంచెం పెరిగేది. చూసొచ్చిన నాకే కొత్తగా ఉండేది. చివరి రెండు రోజులే ఆసుపత్రిలో ఉన్నాడు.

ముడుపు ఇప్పుడు చెల్లించాలి. ఊరెళ్ళినప్పుడు స్వామికి ఇచ్చివస్తాను. అడిగింది ఇచ్చాడు.

కళ్ళు మూసుకుంటే మొన్నటి ఆ సినిమా హాలే కనిపిస్తుంది. తెర మీద తెల్లవారుతోంది. ఆ పెద్ద వీపు నెమ్మదిగా నీళ్ళలోకి దిగుతోంది. హాల్లో ఎవరూ కదలడం లేదు. నా పక్కన మా తమ్ముడు సీటు చేతి మీంచి అరచెయ్యి కొద్దిగా ఎత్తాడు, రోడ్డు మీద దారి ఇచ్చేటప్పటిలాగే.