ఎడమ చేతి బ్రేకు

బావకు ఫైనల్ ఎగ్జిట్ వచ్చింది, ఇక శాశ్వతంగా ఇంటికే. ఇరవై రెండేళ్లు సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో పైపులూ ఏసీలూ బాగుచేసి, ఇక చాలని ఆయనే రాసిచ్చాడు. బక్రీదు సెలవులు అయిపోయిన వారానికి టికెట్టు. జగిత్యాల పక్కన మా ఊళ్లో అక్క అప్పటికే ఇంటికి సున్నం కొట్టించింది. ఫోన్ చేస్తే మొగుడితో రెండు ముక్కలు, నాతో పది ముక్కలు. "తమ్మీ, మీ బావను కాళ్లు చేతులు సక్కగ ఉండంగ నాకు పంపియ్యి. నిన్నే నమ్ముకున్న," అనేది. పోయిన ఏడాది మా క్యాంపులో ఒకాయన సామాను సర్దుకున్నాక పనిలో పైనుంచి పడ్డాడు. ఇంటికి పెట్టెలో వెళ్లాడు. ఆ కబురు విన్నప్పటి నుంచీ అక్కకు నిద్ర లేదు.

బావకేమో ఇంకో పిచ్చి పట్టుకుంది. "ఇన్నేండ్లు ఈ దేశంల ఏం చూసిన్రా నేను? విల్లాల బాత్రూములు చూసిన. పోయేముందు ఈ కొండలన్న చూస్త. సైకిల్ మీద పోదాం," అన్నాడు. యాభై దాటిన మనిషి! మేం పనిచేసే ఒక విల్లా యజమాని రెండు గేరు సైకిళ్లను స్టోరులో పడేసి ఉంటే అడిగి తెచ్చాడు. గైడూ వద్దు, టూరూ వద్దు. దారంతా నోటు పుస్తకంలో తనే గీసుకున్నాడు. మొదటి రోజు ఖమీస్ నుంచి అభా. రెండో రోజు సూదా కొండెక్కి, అక్కడి నుంచి అఖబా దిగడం. అఖబా అంటే ఇక్కడి ఘాటు రోడ్డు. కింద రిజాల్ అల్మా అనే పాత ఊళ్లో రాతి మేడలు చూసి, సైకిళ్లు పికప్‌లో వేసుకుని వెనక్కి రావడం.

ఆ సైకిళ్లలో ఒక మెలిక ఉంది. మన సైకిలుకు కుడి చేతి బ్రేకు ముందు చక్రానిది, ఎడమ చేతిది వెనక చక్రానిది. చిన్నప్పుడు కాలవ కట్ట దిగుతుంటే పెద్దవాళ్లు ఒకటే అరిచేవాళ్లు: దిగుడులో ముందు బ్రేకు పడితే బొక్కబోర్లా పడతావు, ఎడమదే పట్టు అని. ఆ మాట మా చేతుల్లోకి ఇంకిపోయింది. ఈ సైకిళ్లకు అంతా తారుమారు. ఎడమది పడితే ముందు చక్రం ఆగుతుంది. చూడగానే నాకు అర్థమైంది. నా సైకిలుకు రెండు తీగలూ విప్పి, అటుది ఇటు వేసుకున్నాను. పావుగంట పని. బావ సైకిలుకు మర్నాడు చేద్దామనుకున్నాను.

ఆ మర్నాడే గొడవైంది. బావ మా ముఠాకు ఫోర్‌మన్. ఆయన పోతే ఆ కుర్చీ నాదేనని క్యాంపులో అందరూ అన్నారు, నేనూ అనుకున్నాను. వర్క్‌షాపులో చైనుకు నూనె పెడుతుంటే ఆయనే బయటపెట్టాడు.

"నా జాగల నిన్ను పెట్టుమని నేను చెప్పలే. మన ముఠాల బంగ్లాదేశాయనను పెట్టుమన్న."

"ఎందుకు? నాకు పని రాదా?"

"నాకంటె ఎక్కువొచ్చు. కని నీకు నోటికంటె ముందు చెయ్యి లేస్తది. వారం తిరగకముందే ఎవన్నో కొడ్తవు. ఇక్కడ చెయ్యి లేపితె జైలే. తర్వాత మీ అక్కకు నేనేం చెప్పాలె?"

అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో ఉన్న పానాను విసిరికొట్టాను. అది రేకు గోడకు తగిలి, ఎగిరి, నీళ్ల డబ్బాను చీల్చింది. బావ కదల్లేదు. కాళ్ల కింద నీళ్లు పారుతుంటే నా మొహం చూసి, "చూసినవా?" అన్నాడు. అంతే. పన్నెండేళ్లు ఆ మనిషి వెనకాల నిచ్చెన మోసిన నాకు దక్కింది ఆ ఒక్క ముక్క.

ఆయన సైకిలు బ్రేకు సంగతి నాకు గుర్తు లేక కాదు. గుర్తుండే వదిలేశాను. చెప్పనూ లేదు. ఆయన చావాలని కోరుకున్నానా? ఛీ, లేదు. ఒక్కసారి బోర్లా పడి, మోకాలు దోక్కుపోయి, "అరె, ఇదేందిరా" అని బిత్తరపోతే చాలనుకున్నాను. అది చూసి నేను నవ్వాలి. నా ఏడుపంతా అదే.

మొదటి రోజు సైటులో పెట్టుకునే పసుపుపచ్చ హెల్మెట్లు పెట్టుకుని బయల్దేరాం. మా దగ్గర ఉన్నవి అవే. కార్లలో వెళ్లేవాళ్లు మమ్మల్ని చూసి పకపకా నవ్వారు. బావ వాళ్లకు చెయ్యూపాడు. నేను పళ్లు నూరాను. ఒక లారీ నా మోచేతిని రాసుకుంటూ పోతే దాని డ్రైవర్ వంశాన్నంతా తెలుగులో కడిగేశాను. అభా దగ్గరపడ్డాక ఒక దవ్వార్‌లో, అంటే కార్లు గుండ్రంగా తిరిగే కూడలిలో, బావ గబుక్కున బ్రేకు పట్టాడు. ముందు చక్రం కీచుమని ఆగింది.

"బామ్మర్దీ, ముందుది జర పట్టేస్తున్నదిరా."

"కొత్త రబ్బర్లు బావా. మొదట్ల అట్లనే పట్టేస్తయి."

నాలిక తడబడకుండా అబద్ధం చెప్పాను. ఆయన నమ్మాడు. దారి పక్కన నాగజెముడు పండ్లు కొని, ముళ్లు తీసి, ముందు నా చేతిలోనే పెట్టాడు.

రెండో రోజు పొద్దున్నే సూదా ఎక్కడం మొదలుపెట్టాం. ఎక్కడం కాదది, తోసుకుంటూ పోవడం. ఊపిరాడక ఛాతీ మండింది. పదింటికి మబ్బు దిగి, బఠాణీ గింజలంత వడగళ్లు కొట్టాయి. హెల్మెట్ల మీద టపటపా మోత. బావ మాత్రం చిన్నపిల్లాడైపోయాడు. "ఇరవై రెండేండ్లు ఉడికిన పెయ్యి ఇయ్యాల సల్లవడ్డదిరా," అని వడగళ్లు ఏరి నోట్లో వేసుకున్నాడు. ఆయన అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. చూసి కూడా నా కోపం దిగలేదు.

పైన లోయ కనిపించే చోట ఆగాం. రొట్టెలు, ఖర్జూరాలు, అరటిపళ్లు ఉన్న సంచి బావ సైకిలుకు కట్టి ఉంది. మేం నీళ్లు తాగేలోపే కోతులు వచ్చిపడ్డాయి. మన ఊళ్లో కోతులు కావు, కుక్కంత మొహాలు, జూలు, ఎర్రటి పిర్రలు. ఒక గండు కోతి సంచిని పళ్లతో చీల్చింది. నేను కాలితో తన్నబోతే కోరలు తెరిచి మీదికి దూకింది. ప్యాంటు చిరిగి పిక్క గీరుకుపోయింది. ఇక నాకు ఒళ్లు తెలియలేదు. రాళ్లు ఎత్తి వరసగా విసిరాను. గండుది తప్పించుకుంది. పిల్లను కడుపుకు హత్తుకున్న ఒక ఆడకోతికి తగిలింది. నుదుటి మీద నెత్తురు చిమ్మింది. అది కీచుమంటూ కూలబడితే నేను ఇంకో రాయి ఎత్తాను.

బావ నా చెయ్యి పట్టేసుకున్నాడు. "పిల్లతల్లిరా అది! నువ్వు మనిషివేనా?"

రెండు చేతులతో ఆయన రొమ్ము మీద తోశాను. వెల్లకిలా రాళ్ల మీద పడ్డాడు. అక్క పెళ్లిలో ఆయన కాళ్లు కడుగుతుంటే రాగి చెంబుతో నీళ్లు పోసింది నేనే. ఆ మనిషిని నేల మీదికి తోశాను. చుట్టూ కార్లలోంచి జనం ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఆయన మెల్లగా లేచాడు, బట్టలు దులుపుకున్నాడు.

కాసేపయ్యాక తన సైకిలు నా ముందుకు తోశాడు. "కోతులు గుంజి ఎడమ చేతిది లూజైనట్టున్నది. దిగుడుల అదే గదా పట్టేది. జర బిగించు."

తీగలు మార్చడానికి కావలసిన చిన్న పానా నా జేబులోనే ఉంది. పావుగంట పని. పోనీ ఒక్క మాట చెప్పినా సరిపోయేది. నేను వంగి, ఆ ఎడమ చేతి బ్రేకునే ఇంకో చుట్టు బిగించాను. బిగించి, "అయింది," అన్నాను.

దిగడం మొదలైంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క అంచు. అంచు కింద మబ్బే కనిపిస్తోంది, నేల లేదు. బావ ముందు, నేను వెనక. మొదటి రెండు మలుపులూ ఆయన వెనక్కి వాలి, మెల్లగా బ్రేకు పట్టీ పట్టనట్టు దిగాడు. మూడో మలుపు దగ్గర వానకు కొట్టుకొచ్చిన కంకర రోడ్డంతా పరుచుకుని ఉంది. అప్పుడు నాకు తెలిసొచ్చింది. ఇక్కడ పడితే గీరుకునేది మోకాలు కాదు. అక్క గొంతు చెవిలో మోగింది. కోపం, కుర్చీ, అన్నీ ఒక్కసారే పోయాయి. గొంతు చించుకున్నాను.

"బావా, ఆగు! ఎడమది..."

"పట్టకు" అనే మాట నా నోట్లోనే ఉంది. ఆగు అనగానే ఆయన ఆగాడు. ఎలా ఆగుతాడు? మనందరం ఎలా ఆగుతామో అలాగే. ఎడమ చేత్తో గట్టిగా పట్టాడు.

వెనక చక్రం లేచింది. బావ హ్యాండిల్ మీంచి ఎగిరి తలతో రోడ్డు పక్క గోడను కొట్టుకున్నాడు. హెల్మెట్ రెండు చెక్కలైంది. కంకర మీద కుడి చెయ్యి కింద పడి అలాగే ఈడ్చుకుపోయాడు. సైకిలు గోడ మీంచి సగం అవతలికి వేలాడింది. నేను చేరేసరికి ముంజేతి ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చి ఉంది. తెల్లగా ఉంది. నోట్లోంచి నెత్తురుతో పాటు రెండు పళ్లు ఉమ్మాడు. ఆయన పెట్టిన కేక మనిషి కేకలా లేదు. నా చొక్కా చించి ఆ చేతికి చుడుతూ, "నేనే బావా, నేనే," అని అరుస్తున్నాను. ఆయన వినే స్థితిలో లేడు.

పైనుంచి ఒక పికప్ వచ్చింది. ఇక్కడి కొండవాళ్ల అలవాటు ప్రకారం తల మీద పూలదండ పెట్టుకున్న ముసలాయన దిగాడు, బావను చూసి తల కొట్టుకున్నాడు. వెనక ఉన్న గొర్రెలను ఒక మూలకు నెట్టి, ఇద్దరం కలిసి ఎక్కించాం. "కోతులా?" అని అరబ్బీలో అడిగాడు. ఆ రోడ్డులో కోతులు అడ్డం రావడం మామూలే. గొర్రెల మధ్య పడుకున్న బావ కళ్లు తెరిచి, నా వైపు చూసి, తల ఊపాడు.

అభా ఆస్పత్రిలో చేతికి రాడ్లు వేశారు, గడ్డానికి కుట్లు వేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. చెయ్యి మునుపటిలా పనికొస్తుందని మాత్రం ఎవరూ అనలేదు. మర్నాడు పొద్దున అక్క వీడియో కాల్ చేసింది. చూడగానే గొల్లుమంది. వాచిన పెదాలతో బావ, "ఏం కాలేదే, ఏడ్వకు. కోతి అడ్డమొచ్చింది," అన్నాడు. ఆ మలుపులో కోతి లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఫోన్ పెట్టాక మంచం పక్కన నిలబడి మొత్తం చెప్పాను. నా సైకిలుకు తీగలు మార్చుకున్నది, ఆయనకు చెప్పనిది, పైన ఇంకో చుట్టు బిగించినది. బావ పైకప్పు వైపు చూస్తూ విన్నాడు.

"నాకు ఎరుకే. ఎడమ చేత్తో పడితె ముందు చక్రం ఎందుకు ఆగుతదని నిన్న పడ్డప్పటి సంది అదే ఆలోచన. ముప్పై ఏండ్ల నుండి నట్లు తిప్పుతున్నరా నేను," అన్నాడు.

దగ్గరికి రమ్మని సైగ చేశాడు. వంగాను. ఎడమ చేత్తో చెంప మీద ఒక్కటిచ్చాడు. చెవి గుయ్యిమంది. తలుపు దగ్గరి నర్సు చేతిలోని ట్రే కింద పడేసింది. పన్నెండేళ్లలో బావ నా మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు. "జర నీళ్లు తాపియ్యి," అన్నాడు తర్వాత. తాగించాను. తాగి, "మీ అక్కకు కోతే. నువ్వు గూడ అదే చెప్పాలె. మన ఇద్దరి నడుమ ఏమన్న గాని, మీ అక్కకు తమ్ముడు ఒక్కడే," అన్నాడు.

టికెట్టు మూడు వారాలు వెనక్కి జరిగింది. నేనే అభా ఎయిర్‌పోర్టులో దింపాను. బూటు తాళ్లు నేనే కట్టాను. బంగ్లాదేశాయన ఫోర్‌మన్ అయ్యాడు. మంచివాడు. బావ సైకిలు వర్క్‌షాపులోనే ఉంది. ఒక రోజు కూర్చుని దాని బ్రేకు తీగలు మార్చాను. పావుగంట కూడా పట్టలేదు.

బావ కుడి చేతి వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు. అన్నం అక్క కలిపి పెడుతుంది. ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తుంది. క్షేమం అడుగుతుంది, తిన్నావా అంటుంది, ఆ తర్వాత తప్పకుండా ఆ కోతి దగ్గరికి వస్తుంది. "దాని చేతులు పడిపోను తమ్మీ. ఏ పాపం ఎరుగని మనిషిని ఇట్ల చేసె. దానికి పుట్టగతులుండయి," అని తిడుతుంది. నేను ఫోన్ చెవికి ఆనించుకుని ఆఖరి వరకూ వింటాను. "ఔనక్కా," అంటాను.